ముద్ర 300, పరుగు 450

1998 ఆగస్టు 24న ఇంటెల్ కంపెనీ ఒకే రోజు రెండు తరగతుల ప్రాసెసర్లను బజారులోకి వదిలింది. పైతరగతిది 450 మెగాహెర్ట్జ్ పెంటియం 2. టోకున వెయ్యి తీసుకునేవాళ్లకు ఒక్కోటి 669 డాలర్లు. కిందితరగతిది 300 మెగాహెర్ట్జ్ సెలెరాన్ 300ఏ. దాని ధర 149 డాలర్లు. మొదటిది ఆఫీసులకూ, డబ్బుకు వెనకాడని ఆటగాళ్లకూ. రెండోది ఇంట్లో ఏదో ఒక కంప్యూటర్ ఉంటే చాలుననుకునేవాళ్లకు. కంపెనీ వేసుకున్న లెక్కలో ఈ రెండూ ఎదురుపడే ప్రసక్తే లేదు.

తీరా చూస్తే కొద్ది రోజుల్లోనే ఎదురుపడ్డాయి. సెలెరాన్ కొన్న కుర్రాళ్లు మదర్‌బోర్డులో ఒకే ఒక్క సెట్టింగు మార్చి దాన్ని సరిగ్గా 450 మీద నడిపించారు. ఆటల్లో అది తనకు నాలుగు రెట్లకు పైగా ధర ఉన్న పెంటియం 2తో భుజం భుజం కలిపి నడిచింది. తక్కువ ధర ప్రాసెసర్‌ని ఎంచుకుని దాని నుంచి ఎక్కువ పని రాబట్టడం అంతకుముందూ ఉంది, తర్వాతా ఉంది. కానీ ఈ విద్యకు పాఠ్యపుస్తకం లాంటి ఉదాహరణ కావాలంటే ఇప్పటికీ 300ఏ పేరే చెబుతారు. ఎందుకంటే ఆ చిప్పులో ఏది ఎందుకు జరిగిందో పూర్తిగా విప్పి చూడవచ్చు.

ప్రాసెసర్‌ని దాని మీద ముద్రించిన వేగానికి మించి నడపడమే ఓవర్‌క్లాకింగ్. ఇందులో మాయ లేదు, గుణకారం ఉంది. మదర్‌బోర్డు ఒక లయలో క్లాక్ సంకేతాన్ని పంపుతుంది. ఆనాటి భాషలో అది ఫ్రంట్ సైడ్ బస్ వేగం. ప్రాసెసర్ తనలో ఉన్న మల్టిప్లయర్‌తో దాన్ని హెచ్చవేసుకుంటుంది. 300ఏ మల్టిప్లయర్ నాలుగున్నర. బస్ వేగం 66.6 మెగాహెర్ట్జ్. రెండూ హెచ్చవేస్తే 300. బస్‌ని వందకు పెంచితే అదే నాలుగున్నరతో 450 వస్తుంది.

మల్టిప్లయర్‌నే పెంచుకుంటే పోలేదా అంటే, దానికి ఇంటెల్ అప్పటికే తాళం వేసింది. తాళానికి కారణమూ ఉంది. తక్కువ వేగం చిప్పుల మీది ముద్ర చెరిపి, పెద్ద అంకె కొట్టి, పెద్ద ధరకు అంటగట్టే ముఠాలు అప్పట్లో చాలా దేశాల బజార్లలో తిరిగేవి. మల్టిప్లయర్ బిగించేస్తే ఆ మోసం కష్టమవుతుంది. అయితే బస్ వేగం ప్రాసెసర్ చేతిలో లేదు, బోర్డు చేతిలో ఉంది. ఒక తలుపుకు తాళం పడినా రెండోది బార్లా తెరిచే ఉందన్నమాట.

వేగం పెంచితే లోపల ఏం జరుగుతుంది? క్లాక్ ఒక్కసారి కొట్టుకునేలోపు విద్యుత్ సంకేతం ట్రాన్సిస్టర్ల వరుస ఒకటి దాటి అవతలి గట్టుకు చేరాలి. 300 మెగాహెర్ట్జ్ దగ్గర దానికి దొరికే గడువు 3.33 నానోసెకన్లు. 450 దగ్గర 2.22 మాత్రమే. చిప్పులో కొన్ని దారులు పొట్టివి, కొన్ని పొడుగువి. అన్నిటికంటే పొడుగు దారిలో సంకేతం గడువులోపు చేరితే లెక్క ఒప్పు, లేకపోతే తప్పు. అక్కడ చిన్న ఆలస్యం జరిగినా చిప్పు వెంటనే కాలిపోదు. రెండూ రెండూ కలిపి ఎప్పుడో ఒకసారి మూడు అంటుంది. ఆ మూడు ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి కంప్యూటర్ ఆగిపోవచ్చు, నీలం తెర రావచ్చు. ఏమీ తెలియకుండా ఒక ఫైలు పాడైపోనూవచ్చు. మూడింటిలోనూ చివరిదే ప్రమాదం.

మరి 300 అని ముద్ర వేసిన చిప్పుకు 2.22 నానోసెకన్ల గడువు ఎలా సరిపోయింది?

సమాధానం చిప్పులో సగం ఉంది, వ్యాపారంలో సగం ఉంది. 300ఏనీ, 450 పెంటియం 2నీ తయారుచేసింది ఒకే 0.25 మైక్రాన్ పద్ధతిలో. రెండింటి కోర్ డిజైనూ ఒకే వంశం. తేడా అంతా క్యాష్ మెమరీలో ఉంది. పెంటియం 2కి 512 కిలోబైట్ల రెండో అంచె క్యాష్ ఉన్నా, అది ప్రాసెసర్ చిప్పు బయట, అదే కార్డు మీద విడి చిప్పుల్లో ఉండి సగం వేగంతో నడిచేది. సెలెరాన్‌కి 128 కిలోబైట్లే. కానీ ఆ కొంచెమూ కోర్ ఉన్న సిలికాన్ ముక్క మీదే ఉండి పూర్తి వేగంతో నడిచేది. పొదుపు కోసం చేసిన పని వరమైంది. పెంటియం 2ని వేగం పెంచబోతే బయటి క్యాష్ చిప్పులు అడ్డుపడేవి. సెలెరాన్‌కి ఆ అడ్డే లేదు.

నిజానికి ఈ 128 కిలోబైట్లు కూడా ఇంటెల్ మనసారా ఇచ్చినవి కావు. అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చిన మొదటి సెలెరాన్‌కి రెండో అంచె క్యాష్ బొత్తిగా లేదు. పత్రికలు దాన్ని ఉతికి ఆరేశాయి. చవక మార్కెట్టులో పోటీ కంపెనీ ఏఎండీ చేతిలో దెబ్బ తినకుండా ఉండాలంటే ఏదో ఒకటి చేయక తప్పలేదు. క్యాష్ లేని 300 ఒకటి అప్పటికే అమ్మకంలో ఉంది కాబట్టి కొత్తదానికి తోకగా 'ఏ' తగిలించారు. చిప్పు బాగుపడింది, బాగా ఎక్కువే బాగుపడింది. అది పెద్దన్నకు పోటీ రాకుండా ఆపడానికి కంపెనీ దగ్గర మిగిలిన కళ్లెం ఒక్కటే, బస్‌ని 66 దగ్గర కట్టేయడం. ఆ కళ్లేన్ని బోర్డు వైపు నుంచి విప్పవచ్చు.

విప్పే పద్ధతులు కూడా చూడముచ్చటగా ఉండేవి. ఆ ఏడాదే వచ్చిన 440 బీఎక్స్ చిప్‌సెట్ 100 మెగాహెర్ట్జ్ బస్‌ని అధికారికంగా నడపగలదు. అబిట్ కంపెనీ బీహెచ్6 బోర్డులో జంపర్లు పీకి పెట్టే పనిలేకుండా బస్ వేగాన్నీ, వోల్టేజినీ బయోస్ తెర మీదే మార్చుకోనిచ్చింది. ఆ సదుపాయం లేని బోర్డులకు ఇంకో చిట్కా ఉంది. సెలెరాన్ ఒక చిన్న కార్డు రూపంలో వచ్చేది. దాని అడుగంచున బంగారు పూత కాంటాక్టులు వరుసగా ఉంటాయి. వాటిలో బి21 అనే ఒక్కదాని మీద సన్నటి టేపు ముక్క అంటించినా, గోళ్లరంగు పూసినా చాలు. ఇది 66 చిప్పు అనే కబురు బోర్డుకు అందదు. బోర్డు దాన్ని వంద చిప్పుగా భావించి నడిపిస్తుంది. 669 డాలర్ల ప్రాసెసర్‌కి దీటైన వేగం, ఒక గోళ్లరంగు చుక్క ఖర్చుతో!

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ఎంపిక అంటే ఏమిటో అక్కడే తెలుస్తుంది. బస్‌ని 66 నుంచి వందకు ఒక్కసారిగా ఎందుకు దూకించాలి, మధ్యలో 83 దగ్గర ఆగితే సురక్షితం కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. తీరా చేస్తే 83 దగ్గరే ఎక్కువ ఇబ్బందులు వచ్చాయి. హార్డ్ డిస్కు, సౌండ్ కార్డు, నెట్‌వర్క్ కార్డు పనిచేసే పీసీఐ బస్ వేగం కూడా ఈ ఫ్రంట్ సైడ్ బస్ నుంచే వస్తుంది. 66 దగ్గర దానికి అందేది సగం, అంటే 33. పీసీఐకి ఉండాల్సిన వేగం అదే. 83 దగ్గర కూడా సగమే కాబట్టి 41.5కి చేరుతుంది. ప్రాసెసర్ హాయిగా ఉన్నా డిస్కు కంట్రోలర్ తట్టుకోలేక డేటా చెడగొట్టేది. వంద దగ్గర బోర్డు మూడో వంతు తీసుకుంటుంది కాబట్టి మళ్లీ 33.3. చిన్న గంతు ప్రమాదం, పెద్ద గంతు క్షేమం. ప్రాసెసర్ ఒక్కదాన్నే చూసి ఓవర్‌క్లాకింగ్‌కి దిగకూడదని ఇంత సూటిగా చెప్పే ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం.

అదే కుటుంబంలో 333 సెలెరాన్ కూడా ఆరోజే వచ్చింది, 192 డాలర్లకు. పెద్ద అంకె, పెద్ద ధర, కాబట్టి మెరుగైన ఎంపిక అనుకుంటే బోల్తా పడ్డట్టే. దాని మల్టిప్లయర్ ఐదు. వంద బస్ మీద పెడితే ఏకంగా 500 కావాలి. ఆనాటి సిలికాన్‌లో ఎక్కువ చిప్పులకు అది అందని మెట్టు. 300ఏకి కావలసిన 450 మాత్రం చాలా చిప్పులకు అందేది. ఓవర్‌క్లాకింగ్ కోసం కొనేవాళ్లకు ఇక్కడ చవకదే మేలైనది.

చాలా చిప్పులకు అన్నాం కానీ అన్నిటికీ అనలేదు. ఒకే పలక మీద, ఒకే రోజు తయారైన చిప్పులు కూడా అచ్చంగా ఒకేలా ఉండవు. ట్రాన్సిస్టర్ల వెడల్పులో, పొరల మందంలో కంటికి అందని తేడాలు వస్తాయి. కంపెనీ ప్రతి చిప్పునీ పరీక్షించి, ఏది ఎంత వేగం తట్టుకుంటుందో చూసి వేరు చేస్తుంది. మామిడి మండీలో కాయల్ని సైజులవారీగా ఏరి గంపల్లో వేయడం లాంటిదే ఇదీ. పండగ ముందు చిన్నకాయ గంపలకు గిరాకీ ఎక్కువై, చిన్నకాయలు సరిపోకపోతే వ్యాపారి ఏం చేస్తాడు? పెద్దకాయల్నే చిన్న గంపలో వేసి అమ్ముతాడు. చిప్పుల పరిశ్రమలో కూడా తయారీ పద్ధతి ముదిరేకొద్దీ మంచి చిప్పులే ఎక్కువ వస్తాయి, అడిగేవాళ్లు మాత్రం చవకరకమే ఎక్కువ అడుగుతారు. దాంతో 450కి పనికొచ్చే సిలికాన్ 300 ముద్రతో బయటికి వస్తుంది. అందుకే అనుభవజ్ఞులు ఒక మోడల్ విడుదలైన మొదటి వారాల్లో ఎగబడేవారు కాదు. తయారీ కుదురుకున్నాక వచ్చే సరుకు కోసం చూసేవారు. చిప్పు మీది వారం, బ్యాచి, స్టెప్పింగ్ అక్షరాలు చదివి ఏరుకునేవారు. 2002, 2003 ప్రాంతంలో ఏఎండీ అథ్లాన్ ఎక్స్‌పీ 1700 ప్లస్ చిప్పుల్లో 'జేఐయూహెచ్‌బీ' అనే అక్షరాలున్న బ్యాచి కోసం అమెరికాలో, ఐరోపాలో జనం దుకాణాలు గాలించారు.

ఏఎండీ కథలో ఇంకా సరదా ఘట్టం పెన్సిలుది. 2000 జూన్‌లో వచ్చిన డ్యూరాన్, దాని పెద్దన్న అథ్లాన్ చిప్పుల పైభాగంలో ఎల్1 పేరుతో సన్నటి లోహపు వంతెనలు ఉండేవి. ఫ్యాక్టరీలో వాటిని తెంపేసి మల్టిప్లయర్‌కి తాళం వేసేవారు. తెగిన చోట మామూలు పెన్సిలుతో గీత గీస్తే చాలు, అందులోని గ్రాఫైట్ కరెంటును మోసి వంతెనను మళ్లీ కలిపేది. తాళం ఊడేది. తర్వాతి అథ్లాన్ ఎక్స్‌పీలో లేజరుతో గుంటలు పడేలా తెంపడంతో పెన్సిలు పని ముగిసింది. గుంట పూడ్చి, వాహక రంగు పూసే ఓపికమంతులు మాత్రం అప్పుడూ ఆగలేదు.

2003లో మళ్లీ అదే కథ వేరే పేర్లతో నడిచింది. బార్టన్ కోర్ ఉన్న అథ్లాన్ ఎక్స్‌పీ 2500 ప్లస్‌లో 166 బస్, 11 మల్టిప్లయర్. బస్‌ని 200 చేస్తే 2200 మెగాహెర్ట్జ్. ఆ ఏడాది మే నెలలో 464 డాలర్లకు విడుదలైన 3200 ప్లస్ వేగం కూడా సరిగ్గా అంతే. 2007లో ఇంటెల్ పెంటియం ఈ2160 వచ్చింది, 84 డాలర్లకు. 200 బస్, 9 మల్టిప్లయర్, 1.8 గిగాహెర్ట్జ్. బస్‌ని 333 చేస్తే మూడు గిగాహెర్ట్జ్. ప్రతిసారీ సూత్రం అదే. ఖరీదైన చిప్పు సిలికానే చవక చిప్పులోనూ ఉండాలి, వేగాన్ని ఆపింది సిలికాన్ కాకుండా కంపెనీ నిర్ణయం కావాలి, ఆ నిర్ణయాన్ని దాటించే బోర్డు అందుబాటు ధరలో దొరకాలి. ఈ మూడూ కలిసిన చోటే బేరం పండింది.

అన్నీ పండలేదు. 2002 జనవరిలో వచ్చిన 1.6 గిగాహెర్ట్జ్ పెంటియం 4, నార్త్‌వుడ్ కోర్‌ది, 100 బస్ మీద నడిచే చవక చిప్పు. బస్‌ని 133 చేయడం చాలా తేలిక. అక్కడితో ఆగనివాళ్లు 1.5 వోల్టుల చిప్పుకు 1.7 దాటించి వోల్టేజి ఇచ్చారు. వారాలో నెలలో గడిచాక వాటిలో కొన్ని చెప్పాపెట్టకుండా చచ్చాయి. ఓవర్‌క్లాకర్ల లోకం దానికి 'నార్త్‌వుడ్ హఠాన్మరణం' అని పేరు పెట్టుకుంది.

మరణానికి కారణం భౌతికశాస్త్రంలో ఉంది. వేగం పెంచితే చిప్పు తినే విద్యుత్ శక్తి అదే నిష్పత్తిలో పెరుగుతుంది. వోల్టేజి పెంచితే మాత్రం దాని వర్గం చొప్పున పెరుగుతుంది. 300ఏని రెండు వోల్టుల దగ్గరే ఉంచి 450కి తెస్తే ఖర్చయ్యే శక్తి ఒకటిన్నర రెట్లు. మొండికేసిన చిప్పును దారిలో పెట్టడానికి 2.2 వోల్టులిస్తే ఒకటిన్నర కాస్తా 1.8 రెట్లు దాటుతుంది. ఆ శక్తంతా వేడిగా మారుతుంది. సన్నటి తీగల్లో ఎలక్ట్రాన్ల ప్రవాహం ఒత్తిడికి లోహపు పరమాణువులే కొద్దికొద్దిగా చోటు మారుతాయి. దీన్ని ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. మోటొరోలాలో పనిచేసిన జేమ్స్ బ్లాక్ 1960లలో దీనికి ఒక సమీకరణం ఇచ్చాడు. తీగలో కరెంటు సాంద్రత పెరిగినా, ఉష్ణోగ్రత పెరిగినా ఆయుష్షు వేగంగా తరుగుతుందని దాని సారాంశం. అంటే వేగం కొంతవరకు ఉచితం. వోల్టేజి మాత్రం ఎప్పుడూ అప్పే.

ఓవర్‌క్లాక్ చేయనివాళ్లకు కూడా ఈ సంగతి 2024లో తెలిసివచ్చింది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పులు కొన్ని మైక్రోకోడ్ లోపం వల్ల అవసరానికి మించి వోల్టేజి అడిగి, కాలక్రమంలో దెబ్బతిన్నాయి. కంపెనీ ఆగస్టులో సవరణ విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది.

చవక ఓవర్‌క్లాకింగ్‌కి ఇంటెల్ వైపు తలుపు 2011 జనవరిలో మూసుకుంది. శాండీబ్రిడ్జ్ తరంలో క్లాక్ తయారీని చిప్‌సెట్‌లోకి తెచ్చి, డిస్కులూ, యూఎస్‌బీ, పీసీఐ ఎక్స్‌ప్రెస్ అన్నీ ఆ 100 మెగాహెర్ట్జ్‌కే ముడిపెట్టారు. బస్‌ని నాలుగైదు శాతం మించి కదిపితే ఏదో ఒకటి పడిపోతుంది. మల్టిప్లయర్ పూర్తిగా తెరిచి ఉండేది పేరు చివర 'కె' ఉన్న చిప్పులకే. అప్పట్లో అవి కిందితరగతిలో లేవు. అప్పటిదాకా తెలివికి దక్కిన లాభం అప్పటినుంచి ధరల పట్టికలో ఒక గడి అయింది. దీన్ని దుర్మార్గం అనలేం, వ్యాపారం. కానీ 149 డాలర్ల చిప్పుతో కుర్రాళ్లు కంప్యూటర్ లోపలి సంగతులు నేర్చుకున్న రోజులు అక్కడితో ముగిశాయి.

ఒక్కసారి మాత్రం ఇంటెల్ తానే తలుపు తీసింది. పెంటియం పేరుకు ఇరవై ఏళ్లు నిండిన సందర్భంగా 2014లో పెంటియం జి3258 వచ్చింది. 72 డాలర్లు, రెండు కోర్లు, 3.2 గిగాహెర్ట్జ్, మల్టిప్లయర్‌కి తాళం లేదు. మామూలు కూలర్‌తో నాలుగు దాటేది, మంచి చిప్పయితే నాలుగున్నర అందుకునేది. 300ఏ మళ్లీ పుట్టిందని పండగ చేసుకున్నారు. పండగ ఆర్నెల్లు తిరక్కుండానే చప్పబడింది. ఆ నవంబరులో వచ్చిన 'ఫార్ క్రై 4' ఆట రెండే కోర్లున్న ఈ చిప్పు మీద మొదలే కాలేదు, నల్లటి తెర చూపించి ఊరుకుంది. 'డ్రాగన్ ఏజ్: ఇంక్విజిషన్' కూడా కనీసం నాలుగు కోర్లు అడిగింది. గిగాహెర్ట్జ్ ఎంత పెంచినా రెండు కోర్లు నాలుగు కావు. 300ఏ కాలంలో అన్ని చిప్పులకూ కోర్ ఒక్కటే కాబట్టి వేగమే సర్వస్వం. 2014 నాటికి లెక్క మారిపోయింది. చవక చిప్పులో లేనిదేమిటో చూడకుండా ఉన్నదాన్ని ఎంత సాగదీస్తామన్నదే చూసినవాళ్లు దెబ్బతిన్నారు.

2017 జనవరి నాటి కోర్ ఐ3-7350కె ఇంకా విచిత్రం. తాళం లేని మొదటి ఐ3. రెండు కోర్లు, ధర 168 డాలర్లు. దాన్ని పరుగెత్తించాలంటే ఓవర్‌క్లాకింగ్‌ని అనుమతించే ఖరీదైన జెడ్ తరగతి చిప్‌సెట్ బోర్డు కావాలి, మంచి కూలర్ కావాలి. అన్నీ కలిపితే చవక బోర్డు మీద నాలుగు కోర్ల ఐ5-7400 పెట్టుకున్న ఖర్చు దాటిపోతుంది. ఐ5 ధర 182 డాలర్లే మరి! ఓవర్‌క్లాకింగ్ మోజుకు ధర కట్టి అమ్మడం అంటే ఇదే.

ఆ మోజుకు మందు రెండు నెలల్లో వచ్చింది. 2017 మార్చిలో ఏఎండీ రైజెన్ వరుసను మొదలుపెట్టి, దాదాపు అన్ని చిప్పుల మల్టిప్లయర్లనూ తెరిచి ఉంచింది. పైగా మధ్యతరగతి బి350 బోర్డు మీద కూడా ఓవర్‌క్లాకింగ్‌కి అనుమతి ఇచ్చింది. అట్టడుగు ఏ320కి మాత్రం లేదు. ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 5 1600 చిప్పుకు ఆరు కోర్లు, పెట్టెలోనే పనికొచ్చే కూలర్, ధర 219 డాలర్లు. 3.2 గిగాహెర్ట్జ్ మూల వేగం ఉన్న చిప్పు ఆ కూలర్‌తోనే 3.8 దాకా వెళ్లేది. ముప్పై డాలర్లు ఎక్కువ పెట్టి 1600ఎక్స్ కొంటే వచ్చే లాభంలో చాలా భాగం బయోస్‌లో ఐదు నిమిషాల పనితో వచ్చేసేది. జూలైలో వచ్చిన 109 డాలర్ల రైజెన్ 3 1200 కూడా అదే దారి. 300ఏకి నిజమైన వారసులు ఎవరంటే ఇవే.

ఇప్పుడు పరిస్థితి? కంపెనీలే ఓవర్‌క్లాకర్లుగా మారాయి. 2008 నవంబరులో కోర్ ఐ7తో ఇంటెల్ తెచ్చిన టర్బో బూస్ట్, తర్వాత ఏఎండీ తెచ్చిన ప్రెసిషన్ బూస్ట్, చిప్పులో వేడికీ కరెంటుకూ ఇంకా ఎంత జాగా మిగిలి ఉందో సెకనుకు అనేకసార్లు చూసుకుని, వేగాన్ని అవే పెంచుకుంటాయి. పూర్వం కొనుక్కున్నవాడికి మిగిలే 50 శాతం ఇప్పుడు ఫ్యాక్టరీ నుంచే వాడకంలో ఉంటుంది. చేత్తో తిప్పి మిగుల్చుకునేది చాలామందికి ఐదారు శాతం మించదు. 2022 జనవరిలో 'కె' లేని కోర్ ఐ5-12400ని బస్ పెంచి ఐదు గిగాహెర్ట్జ్ దాటించవచ్చని తేలినప్పుడు పాత ఉత్సాహం మళ్లీ రేగింది. కానీ దానికి విడిగా క్లాక్ జనరేటర్ ఉన్న బోర్డే కావాలి. మొదట్లో అవి ప్రాసెసర్ కంటే ఖరీదు. ఇంటెల్ కూడా దాన్ని వద్దనే చెప్పింది.

అయినా గంపలు తారుమారు కావడం మాత్రం ఆగలేదు. రైజెన్ 5 7600ఎక్స్ 2022లో 299 డాలర్లకు వచ్చింది. మూడున్నర నెలల తర్వాత ఎక్స్ లేని 7600 వచ్చింది, 229 డాలర్లకు, కూలర్‌తో సహా. ఆరు కోర్లు రెండింటికీ ఒకటే. అసలు తేడా విద్యుత్ పరిమితిలో ఉంది, 7600కి 65 వాట్ల తరగతి, 7600ఎక్స్‌కి 105. బి650 బోర్డు బయోస్‌లో ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ ఆన్ చేస్తే చవకది ఖరీదైనదాని పక్కకు చేరుతుంది. బోర్డు ఏ620 అయితే ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ కుదరదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అసెంబుల్డ్ కంప్యూటర్ కట్టించుకునేవాళ్లు ప్రాసెసర్ పేరు పదిసార్లు అడుగుతారు, బోర్డు దగ్గరికొచ్చేసరికి ఏదో ఒకటి వెయ్యమంటారు. ఓవర్‌క్లాకింగ్ కోరుకునేవాళ్లు చేయాల్సింది తద్విరుద్ధం. ప్రాసెసర్ ఎంచుకున్నాక బోర్డు చిప్‌సెట్ అక్షరం, దాని వోల్టేజి భాగాల మీద హీట్‌సింక్ ఉందో లేదో చూడాలి. పెట్టె లేకుండా ట్రేలో వచ్చిన ప్రాసెసర్ కొంటే కూలర్ రాదు. వారంటీ ఎవరిదో ముందే అడగాలి.

మన ఎండల లెక్క కూడా వేసుకోవాలి. గాలితో చల్లబరిచే ఏ కూలరూ చిప్పును గది ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు. పత్రికల్లో, వీడియోల్లో కనిపించే అంకెలు చాలావరకు 20, 25 డిగ్రీల గదుల్లో తీసినవి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గది 38 ఉందనుకుంటే, ఆ తేడా అంతా నేరుగా చిప్పు మీద పడుతుంది. అక్కడ 75 చూపించింది ఇక్కడ 90 చూపిస్తుంది. అందువల్ల డిసెంబరులో కుదిరిన సెట్టింగును మేలో మళ్లీ పరీక్షించాలి.

పరీక్షకు ఎక్కువమంది వాడేది ప్రైమ్95. పెద్ద ప్రధాన సంఖ్యల వేట కోసం జార్జ్ వోల్ట్‌మన్ 1996లో మొదలుపెట్టిన ప్రాజెక్టుకు చెందిన ప్రోగ్రామ్ ఇది. జవాబు ముందే తెలిసిన బరువైన లెక్కల్ని చిప్పు చేత చేయించి, వచ్చిన జవాబుతో పోల్చుతుంది. ఎక్కడైనా సవరింపు దోషం 0.4 మించితే ఆ కోర్ పని ఆపేసి ఎర్రజెండా ఊపుతుంది. విండోస్ ఎంత నున్నగా నడుస్తున్నా సరే, ఆ సందేశం వచ్చిందంటే చిప్పు ఎక్కడో రెండూ రెండూ మూడు అంటోందని అర్థం. వేగం ఒక మెట్టు తగ్గించాలి. వోల్టేజి పెంచడం రెండో ఆలోచనగానే ఉండాలి.

ఈ రోజుల్లో తక్కువ బడ్జెట్‌లో నిజంగా మిగిలే లాభం రెండు చోట్ల ఉంది. ఒకటి మెమరీ. 3200 వేగం అని అట్ట మీద ఉన్న డీడీఆర్4 కూడా బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ ఆన్ చేసేదాకా తరచు 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తూ ఉంటుంది. ఏళ్ల తరబడి అలాగే వాడేవాళ్లు ఎందరో. రెండోది వోల్టేజిని తగ్గించడం. రైజెన్ 5000 తరం నుంచి ఉన్న కర్వ్ ఆప్టిమైజర్‌తో వోల్టేజి కొద్దిగా దించితే, వర్గం లెక్క ఈసారి మనవైపు పనిచేస్తుంది. వేడి తగ్గుతుంది, మిగిలిన జాగాలో చిప్పు తనంతట తానే పై వేగంలో ఎక్కువసేపు నిలబడుతుంది. ఇదీ అధికారికంగా ఓవర్‌క్లాకింగ్ కిందికే వస్తుంది కాబట్టి వారంటీ షరతులు చదివే దిగాలి. ప్రైమ్95 పరీక్ష దీనికీ తప్పదు.

కొనబోయేవాళ్లు ఒక కాగితం తీసుకుని ప్రాసెసర్, బోర్డు, కూలర్, ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) నాలుగింటి ధరా కలిపి రాయండి. పక్కనే, ఓవర్‌క్లాకింగ్ అక్కర్లేని ఒక మెట్టు పై ప్రాసెసర్‌ని మామూలు బోర్డుతో కలిపి రాయండి. రెండో మొత్తం తక్కువైతే, లేదా అంతే ధరకు రెండు కోర్లు ఎక్కువ వస్తుంటే, మారుమాట లేకుండా దాన్నే కొనండి.